పాపరాజు ఎడమకాలు

ఆయన అసలు పేరు ఫాబ్రిత్సియో.
పోర్టు స్టేడియం గేటు దగ్గర మరమరాలమ్మే సింహాద్రమ్మ
రెండుసార్లు నోరు తిప్పి చూసి
మూడోసారికి పాపరాజని తేల్చేసింది.
మర్నాటికి ఊరంతా అదే పేరు.

నేను జట్టు జెర్సీలు ఉతికేవాణ్ణి.
పదకొండు, ఆపైన ఏడు, గోలీవి రెండు.
విశాపట్నంలో బట్ట ఆరడమంటే మాటలా?
గాలిలో సగం సముద్రమే,
మిగతా సగం ఓర్ యార్డు ఎర్రదుమ్ము.
తెల్లగా ఆరేసింది సాయంత్రానికి జేగురు రంగు.
వచ్చిన మొదటిరోజే ఆయన దండెం దగ్గరకొచ్చి
ఓ చొక్కా అంచు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి
"మా ఊరి రేవు" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.
వాళ్ళ నాన్న ఓడల్లోంచి బొగ్గు దింపేవాడట.

ఆయన ఆడిన రోజుల్ని మావాళ్ళు ఫోనుల్లో చూసేరు.
మసకమసక బొమ్మ, భుజాల దాకా జుట్టు,
గోలు కొట్టి కంచె ఎక్కి
ఎవరో ఏడుస్తున్న ముసలాయన్ని వాటేసుకున్నాడు.
రెండువందల పదకొండు గోళ్ళు.
ఏ కాలుతో, ఎన్నో నిమిషంలో
జ్ఞానాపురం గుంటలు ఎక్కాల్లా అప్పజెబుతారు.
ఆటోల వెనక ఆయన ఫోటో.
జాలారిపేటలో ఓ పడవ మూతికి ఆయన పేరు,
ఒక అక్షరం తక్కువ, నీలం రంగులో.
పూర్ణా మార్కెట్లో మామిడికాయలకి డబ్బు పుచ్చుకోలేదని
సంచి పట్టుకుని నిలబడిపోయేడోసారి,
దొంగతనం చేసి దొరికినవాడిలా.

కానీ గ్రౌండులో బంతి తన్నేవాడు కాదు.
సున్నం గీతకి ఇవతలే.
చేతులు జేబుల్లో.
బంతి దొర్లుకుంటూ పాదాల దగ్గరికొస్తే
వంగి రెండు చేతులా తీసి ఇచ్చేవాడు,
ఎవరి పిల్లనో ఎత్తినట్టు.
అవతల మైలపల్లి ఎర్రయ్య గోలు ముందు తడబడితే
ఇవతల ఈయన ఎడమకాలు
ప్యాంటు లోపల చిన్నగా ఎగిరేది.
ఎవరూ చూళ్ళేదు. నేను చూసేను.
మోకాలి దగ్గర బట్ట ఎందుకు నలుగుతుందో
చాకలికి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ ఏడు గెలిచేం, గెలిచేం, గెలిచేం,
ఆఖరి మేచ్ ఓడిపోయేం.
ఎర్రయ్య కొట్టిన పెనాల్టీ
సింహాచలం కొండెక్కి దణ్ణం పెట్టుకుందని
ఇప్పటికీ నవ్వుతారు.
ఆ రాత్రి గోడల మీద పాపరాజు బొమ్మకి పేడ పడింది.
పడవవాళ్ళు మాత్రం పేరు చెరపలేదు,
దానిమీద వల ఆరేసేరు.

మర్నాడు వాయుగుండం. ప్రాక్టీసు లేదు.
తడిసిన బట్టలు తీద్దామని పోతే
వానలో ఇద్దరు.
గోల్లో ఎర్రయ్య, చేతులకి తొడుగుల్లేకుండా.
పన్నెండు గజాల చుక్క మీద బంతి పెట్టి
వెనక్కి నాలుగడుగులేసేడు పాపరాజు.
ఎడమకాలు!
బంతి గోలు పైనించి పోయింది.
ఎర్రయ్య పరిగెత్తి తెచ్చేడు.
మళ్ళీ. పక్కకి.
మళ్ళీ. కర్రకి తగిలి వెనక్కి.
జారిపోయేడేమో అనుకున్నాను,
ముసలి కాలు కదా అనుకున్నాను,
తర్వాత అర్థమైంది, కావాలనే కొడుతున్నాడు.
ఒక్కోదానికీ ఓ ఊరి పేరు చెబుతున్నాడు,
నాకు తెలీని ఊళ్ళు, ఎర్రయ్యకీ తెలీని ఊళ్ళు.
పదిహేడు.
గుంటల లెక్కలో ఎక్కడా లేని పదిహేడు.

అప్పుడు బంతి ఎర్రయ్య చేతిలో పెట్టి
తను పోయి గోల్లో నిలబడ్డాడు,
ఒళ్ళంతా నీళ్ళు కారుతూ.
ఎర్రయ్య కొట్టేడో లేదో నేను చూళ్ళేదు.
దండెం తెగింది, బట్టలకోసం పరిగెత్తేను.

ఆ ప్యాంటు మూడు నీళ్ళు పెట్టినా
ఎడమ మోకాలి మట్టి వదల్లేదు.
అలాగే మడతపెట్టి ఇచ్చేను.
అలాగే పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయేడు.

కొత్తాయన మొన్న సోమవారం దిగేడు, పోలెండువాడట.
సింహాద్రమ్మ ఇంకా ఏ పేరూ తేల్చలేదు.